పన్నెండో ఈక

ఈక ఫోటో తియ్యాలంటే ముందు ఇంట్లో ఫ్యాను ఆపాలి. అదీ మే నెలలో, ఏలూరులో. తర్వాత కిటికీలు మూయాలి, ఊపిరి బిగబట్టాలి, పక్కగదిలో ఉన్న భార్యను కాసేపు తలుపు తియ్యొద్దని బతిమాలాలి. మనిషి ఊపిరికే ఎగిరిపోయే వస్తువుతో వ్యవహారం మరి. నేను కొన్నేళ్ళుగా ఈకలు తీస్తున్నాను, మా ఆవిడ కొన్నేళ్ళుగా చెమట తుడుచుకుంటోంది.

వృత్తికి పళ్ళ డాక్టర్ని. పుచ్చిపోయిన పళ్ళను దగ్గర్నుంచి తియ్యడానికని ఒక లెన్సు, దాని మూతి చుట్టూ గుండ్రంగా వెలిగే లైటు కొనుక్కున్నాను. జీవితమంతా జనం నోళ్ళలోకి తొంగి చూసినవాడు ఒకరోజు అదే లెన్సులోంచి బాల్కనీలో పడ్డ పావురం ఈకను చూస్తే ఏమవుతాడు? నేనైతే పాడైపోయాను. ఒక్కో పోగుకీ కంటికి ఆనని కొక్కేలు, ఒకదాన్నొకటి పట్టుకుని వరసగా. పైగా ఈకకు వాసన రాదు. ‘ఆ’ అనమని అడగక్కర్లేదు. రేపొస్తానని చెప్పి ఆర్నెల్లకు రాదు.

మా ఊళ్ళో ఫోటోలు తీసేవాళ్ళ బృందం ఒకటుంది. దానికి పెద్దదిక్కు ప్రసాదరావు గారు, రిటైరైన ఇంజనీరు. ఆయన లెన్సు ఆనపకాయంత ఉంటుంది. నా ఈకలను ఆయన ‘చీపురుపుల్లలు’ అంటాడు. ఎలాగో బతిమాలి ఫిబ్రవరిలో నా ఒక్కడి ఫోటోలతో ప్రదర్శనకు ఒప్పించాను. ‘పన్నెండు ఈకలు’ అని కార్డులు అచ్చయ్యాయి, పన్నెండు ఫ్రేములూ కట్టించాను. చివరిది నెమలీక. దాన్ని చూసి ప్రసాదరావు గారు అందరి ముందూ, “ఇవి మా మనవరాలి లెక్కల పుస్తకంలో కూడా ఉన్నాయండీ” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. “అయితే దీన్ని తీసేస్తున్నా, గూడకొంగ ఈక పెడతా” అని నోరు జారాను.

గూడకొంగంటే కింది ముక్కుకి సంచి వేలాడే పెద్ద పక్షి. చలికాలంలో గుడ్లు పెట్టి పిల్లల్ని చేసుకోవడానికి శ్రీకాకుళం జిల్లాకు వస్తుంది. ఇలాంటి అడవి పక్షుల ఈకల్ని చట్టప్రకారం ఇంటికి పట్టుకురాకూడదు, పడ్డచోటే ఫోటో తీసి వదిలెయ్యాలి. నా లెన్సు జానెడు దూరంలోంచి తప్ప చూడలేదు. అంటే నేనే ఆ ఈక దగ్గరికి వెళ్ళాలి. ఈక లేకుండా తిరిగొస్తే ఖాళీ ఫ్రేమూ, దాని ముందు నిలబడ్డ ప్రసాదరావూ. డిసెంబరులో బయల్దేరాను.

కొత్తవలస: తాళాలగుత్తి

ప్యాసింజరు బండి ఇక్కడ చాలాసేపు ఆగింది. దిగి నాలుగడుగులు వేశానో లేదో, ప్లాట్‌ఫారం మీద గోరింక ఈక. చెయ్యి సాధన కావాలి కదా అని బోర్లా పడుకుని, మోచేతులు ఆనించి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టాను.

ఏలూరు స్టేషనులో మనిషి బోర్లా పడుకుంటే జనం దాటుకుని పోతారు. ఇక్కడ అలా కాదు.

“ఓలమ్మ, ఈ బాబుకి మూర్సొచ్చినాది” అన్నదొక ఆడగొంతు.

“సేతిలోన తాళాలెట్టండి, బేగి” అన్నాడింకెవరో.

కెమెరా పట్టుకున్న నా చేతిని విడదీసి, ఒకాయన తన తాళాలగుత్తి పెట్టి గుప్పెట మూశాడు. ఇంకొకాయన నా కాళ్ళమీద కూర్చున్నాడు. “నాకేం కాలేదండీ, ఊపిరొదిలితే ఈక కదులుతుందని” అన్నాను పళ్ళ సందుల్లోంచి.

“మాట తేడాగున్నాది. సోడా పట్టండి” అన్నాడు కాళ్ళమీదాయన.

సోడా కొట్టిన గాలికి ఈక వెళ్ళి బండి కింద పడింది. ఈలోగా తాళాలాయన కిరండూల్ వైపు బండి కదులుతోందని పరుగెత్తి ఎక్కేశాడు, గుత్తి నా చేతిలోనే ఉండిపోయింది. బండి వెంట పరుగెత్తి కిటికీలోంచి అందించాను. ఇప్పటిదాకా మూర్ఛలో ఉన్నవాడు అలా పరుగెత్తడం చూసి ప్లాట్‌ఫారమంతా అది తాళాల మహిమే అని తీర్మానించింది. సోడాకి డబ్బులిస్తే తీసుకోలేదు.

చీపురుపల్లి: నోళ్ళు తెరిచిన మధ్యాహ్నం

ఇక్కడ్నుంచి అద్దె కారు, డ్రైవరు పేరు సింహాచలం. నలభై దాటిన మనిషి, దారంతా మాట్లాడతాడు, మాట్లాడేటప్పుడు మన మొహంలోకి చూస్తాడు, రోడ్డు వైపు చూడడు. బయల్దేరే ముందే అతనికి చెప్పాను, నేను ఫోటోలు తీసేవాణ్ణని, ఇంకేమీ కానని. పళ్ళ డాక్టరునని తెలిస్తే దారిపొడుగునా ఏమవుతుందో నాకు అనుభవమే.

సంత రోజు. బస్తాల మధ్య దారి చేసుకుని ఒక పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆవపెట్టిన పనసపొట్టు కూర, పప్పుచారు, బెల్లం వేసిన ఆవకాయ. మా వైపు ఆవకాయలో బెల్లం వేశారని తెలిస్తే ఆ ఇంటికి పిల్లనివ్వరు. ఇక్కడ మొదటి ముద్దకి మొహం చిట్లించాను, రెండోసారి ఆవకాయ నేనే అడిగాను. వడ్డించే ఆవిడ కనకమ్మ ఇది ముందే తెలిసినదానిలా గిన్నె అక్కడే పెట్టి వెళ్ళింది.

అప్పుడు ఫోను మోగింది. నా చెయ్యి ఎంగిలి. సింహాచలం సాయం చేద్దామని ఎత్తి, అందరికీ వినపడేలా నొక్కాడు. “డాక్టరు గారూ, మూర్తిగారి కట్టుడుపళ్ళు వదులయ్యాయటండీ, మజ్జిగ తాగుతుంటే గ్లాసులో పడ్డాయట” అంది మా ఆసుపత్రి అమ్మాయి, గది అదిరేలా.

కనకమ్మ గరిటె పట్టుకునే వచ్చి నా విస్తరి ముందు కూర్చుంది. “ఇదుగో బాబూ, ఎడంపక్క ఎనకాతల. సల్లనీల్లు తాగితే జివ్వుమంటాది” అని నోరు తెరిచింది. ఆమె వెనక వంటాయన, ఆయన వెనక మిరపకాయల బస్తాతో వచ్చిన రైతు. చివర్న సింహాచలం. “నాకేటి నొప్పి నేదు సార్, ఉత్తినే సూడండి” అన్నాడు. పన్నెండు పక్షుల ఈకల్ని వెలిగించిన నా గుండ్రటి లైటు ఆ మధ్యాహ్నం చీపురుపల్లి దవడలన్నీ వెలిగించింది. నా ఆవకాయ అన్నం ఎండిపోయింది.

కళింగపట్నం: ఎండుచేప పళ్ళు

వంశధార సముద్రంలో కలిసేచోట గాలి ఈక ఫోటోల మీద పగబట్టినట్టు వీస్తుంది. ఇసుకలో కాకి ఈకను నాలుగువైపులా గులకరాళ్ళు పెట్టి ఆపాను. తల ఎత్తేసరికి చేపలు ఆరబెట్టుకుంటున్న ఆవిడ గబగబా గోనెలు కప్పేస్తోంది. ఇలా వంగి వంగి చూసేవాళ్ళు ఏదో ఆఫీసు నుంచే వస్తారని ఆమె అనుభవం కాబోలు.

“ఆపీసరు కాదప్పా, పళ్ళ డాట్రు. ఈకలకి పొటోలు తీస్తాడు” అన్నాడు సింహాచలం. ఇది విని ఆమె అతని మీద జాలి పడిందో, నా మీద జాలి పడిందో తెలియలేదు.

“పళ్ళ డాట్రైతే ఇది సూడండి” అని కత్తిలా పొడుగ్గా మెరిసే ఎండుచేప తీసి దాని దవడలు విప్పింది. సూదుల వరస. “ఇది సచ్చినాక కూడా సేతులు కోస్తాది. ఈ పొటో తీసుకోండి, ఈకలెందుకు?”

మాట కాదనలేక తీశాను. ప్రయాణంలో అప్పటిదాకా కుదురుగా వచ్చిన ఫోటో అదొక్కటే. మధ్యాహ్నం వాళ్ళింట్లోనే ఆ చేప పులుసుతో చోడి అంబలి తాగాను. ఏలూరులో రాగిజావని షుగరున్నవాళ్ళు మొహం మాడ్చుకుని మందులా తాగుతారు. ఇక్కడ ఉల్లిపాయ కొరుక్కుంటూ ఇష్టంగా తాగుతున్నారు.

అత్తారి తరపు

టెక్కలి దాటాక ఉన్న ఆ ఊరి పేరు రాయను. ‘రాయకండి, మీలాంటి బందువులు ఇంకా ఎక్కువైపోతారు’ అని వాళ్ళే అన్నారు.

చింతచెట్లన్నీ సున్నం కొట్టినట్టు రెట్టలతో తెల్లగా ఉన్నాయి. కొమ్మ కొమ్మకీ గూళ్ళు, గూళ్ళ నిండా గూడకొంగలు, పిల్లల గోల. రోడ్డు మీద అడ్డంగా కట్టిన తాడు. తాడు ఇవతల అయిదారుగురు పెద్దమనుషులు ఆకుపచ్చ మచ్చల బట్టలు వేసుకుని, మొహాలకు కూడా ఆకుపచ్చ గుడ్డ చుట్టుకుని, ఆనపకాయ లెన్సులతో నిలబడ్డారు. పక్షులకు కనపడకుండా ఉండడానికట. వాళ్ళ పక్కనుంచే ఆడవాళ్ళు నీళ్ళబిందెలతో, ఎడ్లబండి ఒకటి కిర్రుమంటూ పోతుంటే పక్షులు తల కూడా తిప్పడంలేదు. ఈ ఆకుపచ్చ మనుషులు కదిలినప్పుడు మాత్రం మెడలు చాచి వింతగా చూస్తున్నాయి.

నేను తాడు దాటబోయాను. యాభై ఏళ్ళ రైతు, రామునాయుడు, చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎక్కడ్నుంచి బాబూ?”

“ఏలూరండీ.”

“అలగైతే అత్తారి తరపోలు. పిల్లలెగిరేదాకా తాడు దాటకూడదు.”

నాకు అర్థం కాలేదు. అతను విడమరిచి చెప్పాడు. ఈ పక్షులు ఆ ఊరి ఆడపిల్లలు. పురిటికి పుట్టింటికి వచ్చాయి. పిల్లలు ఎగరడం వచ్చాక అత్తారింటికి వెళ్ళిపోతాయి. ఆ అత్తారిల్లు ఎక్కడో ఊరివాళ్ళు చూడలేదు కాబట్టి, బయటి ఊళ్ళనుంచి వీటిని చూడవచ్చిన ప్రతివాడూ అత్తారి తరపు చుట్టమే. చుట్టానికి మర్యాద చేస్తారు, వేళాకోళం ఆడతారు, పురుటాలి దగ్గరికి మాత్రం రానివ్వరు. బిందెతో పోతున్న ఒకామె ఆగి, “మీ ఇంటికాడ మా పిల్లకి తిండెట్టరేటి? పుల్లలాగ వొచ్చినాది” అని నన్ను నిలదీసింది. గూడకొంగ మా పక్కింటి దూడంత ఉంది. అయినా నేను తల దించుకున్నాను. ఎందుకు దించుకున్నానో ఇప్పటికీ తెలియదు.

ఆనపకాయ లెన్సులవాళ్ళకి తాడుతో ఇబ్బంది లేదు. నాకున్నది జానెడు చూపు.

“రాలిన ఈక ఒక్కటి చాలు. ఇక్కడే ఫోటో తీసి ఇచ్చేస్తాను” అన్నాను.

“ఆ యవ్వారం మా అమ్మది” అన్నాడు రామునాయుడు.

అమ్మంటే పైడమ్మ, డెబ్భై ఏళ్ళుంటాయి. పెద్ద చింతచెట్టు ఆవిడ దొడ్లోనే ఉంది. రోజూ పొద్దున్నే చెట్టుకింద రాలిన ఈకలు ఏరి, విత్తనాల ధాన్యం పోసిన మట్టి బానలో వేస్తుందట. బాన మూతి పేడతో మెత్తి ఉంటుంది, ఈకకు పట్టేంత కంత మాత్రం వదిలి. తొలకరికి విత్తనంతోపాటే ఈకలూ పైకొస్తాయి. అంతవరకూ ఎవరికీ చూపించరు. ఆడపిల్ల వదిలి వెళ్ళిన సొమ్ము అది.

ఆవిడ తాడుకి ఇవతల, వీధి అరుగు మీద కూర్చుని ఉంది. కొంగుతో సగం మొహం కప్పుకుంది. కొంగు కింద ఎడమ చెంప బూరెలా ఉంది. ఎంత అడిగినా తల అడ్డంగా ఊపింది. సింహాచలం ఊరుకుంటాడా? “పళ్ళ డాట్రు మామ్మా, సూపించు” అన్నాడు. ఈ ప్రయాణంలో మొదటిసారి ఒక నోరు నన్ను చూసి ఇంకా గట్టిగా మూసుకుంది.

“పది దినాలయ్యింది బాబూ, సుట్ట కూడా కాల్సడం నేదు” అన్నాడు రామునాయుడు దిగులుగా. “ఇంట్లోన పురుటాలుండగా ఇంటిపెద్ద నోట నెత్తురు పడకూడదంటాది. పిల్లలెగిరిపోనాక పీకించుకుంటాదంట.”

అంటే ఇంకో రెండు నెలలకు. బాన మూతీ తెరవదు, తన మూతీ తెరవదు. ఏలూరు నుంచి ఇంత దూరం మొండి రోగిని వెతుక్కుంటూ వచ్చానా అని చిరాకు పుట్టింది. మాత్రలు రాసిచ్చి, టెక్కలి లాడ్జికి పోయి పడుకున్నాను.

తాడుకి ఇవతల

మర్నాడు పొద్దున మంచు విడుతోంది. నేను తాడు పక్కనే నిలబడి పైకి చూస్తున్నాను. ఒక గూడకొంగ గూట్లోంచి లేచి రెక్క దులిపింది. ఒక ఈక విడివడింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది, గాలికి తేలి వచ్చి నా చెప్పుల ముందు, తాడుకి ఇవతల వాలింది.

ఇది పుట్టింటి సరిహద్దు కాదు, అత్తారి వైపు. ఎవరూ కాదనలేరు. పడుకున్నాను. వెండిలాంటి బూడిదరంగు, నల్లటి కాడ, పోగుల మీద మంచుబిందువులు. ఏటవాలు ఎండ. అలాంటి వెలుతురు కోసమే ఇన్నాళ్ళూ మా ఆవిడకు చెమటలు పట్టించాను. ఊపిరి బిగబట్టాను.

అరుగు మీద పైడమ్మ దగ్గు వినపడింది. కోడలు గ్లాసుతో నీళ్ళు తాగిస్తోంది. మళ్ళీ దగ్గు. “మింగలేకపోతంది, నీల్లు తిరిగొచ్చేస్తన్నాయి” అంది కోడలు.

ఈ మాట వినకపోయినా బాగుండేది. పంటి వాపు మెడలోకి దిగి నీళ్ళు కూడా మింగనివ్వకపోతే దాని అర్థం ఏమిటో నాకు తెలుసు. ఇంకాస్త దిగితే ఊపిరే ఆడదు. లెన్సులో ఈక ఇంకా కదలకుండా ఉంది. ఒక్క నిమిషం అనుకున్నాను. ఆ నిమిషం అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చి లేచాను. ఆకుపచ్చ బట్టల పెద్దమనిషి ఒకడు, పక్షిని గురిచూస్తూ వెనక్కి అడుగువేసి, బూటుతో ఈక మీద నిలబడ్డాడు.

పైడమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టి చూశాను. గట్టిగా, వేడిగా ఉంది. “ఇప్పుడే శ్రీకాకుళం వెళ్ళాలి” అన్నాను. తల అడ్డంగా ఊపింది. రామునాయుడు బతిమాలాడు, కోడలు ఏడ్చింది. ఊపుతూనే ఉంది. నాకు పిచ్చికోపం వచ్చింది. డాక్టరు మాట వినని మనిషికి ఇంకెవరు చెప్పాలి?

అప్పుడు తట్టింది. చేతులు కట్టుకుని అరుగు ముందు నిలబడ్డాను.

“చెల్లెమ్మా, నేను అత్తారి తరపు నుంచి వచ్చాను. పురుడు చూసి రమ్మన్నారు మావాళ్ళు. పురిటింట్లో తల్లి నీళ్ళు కూడా తాగకుండా పడుంటే మా కోడళ్ళకి ఏం జరుగుబాటు జరుగుతుంది? నువ్వు ఆసుపత్రికి బయల్దేరకపోతే మా కోడళ్ళని ఈ పూటే తీసుకెళ్ళిపోతాం.”

పైడమ్మ తల ఊపడం ఆపింది.

“పిల్లలు గూటిలోనుండగా... ఎలగ తీసుకెల్తారు?” అంది కష్టం మీద. నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

“అత్తారివాళ్ళం. మా ఇష్టం.”

“ఔనే పైడమ్మా, ఆల్లకి అక్కున్నాది” అంది నిన్నటి బిందె ఆవిడ.

“అమ్మా, వియ్యాలోరు మాటనేసినారు” అన్నాడు రామునాయుడు. అతని మొహంలో నవ్వు లేదు.

“నెత్తురు...” అంది పైడమ్మ.

“నీ ఇంట్లో పడదు. ఊళ్ళో కూడా పడదు. పొలిమేర దాటాక ఎంత పడితే ఏం?”

ఆమె కొంగు తీసింది. నోరు తెరుచుకున్నంత మేర తెరిచింది. ఈక కోసం తెచ్చిన లైటు వెలిగించి చూశాను.

సింహాచలం మొదటిసారి రోడ్డు వైపు చూస్తూ కారు నడిపాడు. శ్రీకాకుళంలో నాతో చదువుకున్న స్నేహితుడి ఆసుపత్రి ఉంది. అతను సెలైన్ ఎక్కించి, అన్నీ సిద్ధం చేసి, పట్టకారు నా చేతికిచ్చాడు. “నీ వియ్యపురాలట కదా, నువ్వే తియ్యి” అన్నాడు. పళ్ళనుంచి పారిపోయి మూడు జిల్లాలు దాటి వచ్చినవాణ్ణి, అక్కడ నిలబడి పన్ను తీశాను. చీము పోయింది. సాయంత్రానికి ఆమె నీళ్ళు మింగింది.

సారె

ఆసుపత్రి నుంచి ఆమెను ఇంటికి దింపినప్పుడు ఆ నోరు నిజంగా తెరుచుకుంది. ఏలూరు వాళ్ళ పిసినారితనం మీద, గూడకొంగ మొగుడి చేతకానితనం మీద, నా బట్టతల మీద, ఆగకుండా మాట్లాడింది. చలిమిడి పెట్టించింది. నేను ఈక మాట ఎత్తలేదు.

కారెక్కుతుంటే పిలిచింది.

“ఈక కోసం వొచ్చినావంట గదా అన్నయ్యగోరూ.”

“ఔను చెల్లెమ్మా.”

“బాన మూతి తొలకరిదాకా తెరవను.”

“తెరవొద్దు.”

ఆమె కొంగు ముడి విప్పింది. దూది చుట్ట తీసి నా అరచేతిలో పెట్టి, కొత్తవలసలో తాళాలాయన చేసినట్టే, నా గుప్పెట మూసింది.

“ఆడపిల్లల ఒంటిమీదది ఇయ్యడానికి నాకు అక్కు నేదు. ఇది నా ఒంటిమీదది. నువ్వు దగ్గిరికొచ్చి సూసే మనిసివి. ఇది సూసుకో.”

పన్ను. నేను పీకిందే. ఇన్నేళ్ళలో ఎన్ని పళ్ళు బుట్టలో పారేశానో నాకే తెలియదు. ఒక్కరూ ఒక్కటీ నాకు ఇవ్వలేదు. ఆమె కాళ్ళకు దండం పెట్టబోతే, “ఇయ్యంకులు దండమెట్టకూడదు, ఎల్లిరా” అని కసిరింది.

మళ్ళీ ఏలూరు

ఫ్యాను ఆపాను. పన్నుకి ఫ్యాను ఆపక్కర్లేదు, అది ఎగిరిపోదు, అయినా ఆపాను. రెండు వేర్లూ రెండు దిక్కులకు వంగి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్టల మరకలతో పాతబెల్లం రంగులో ఉంది.

ప్రదర్శన రోజు జనం ఈకల ముందు నుంచి ‘బాగుందండీ, బాగుందండీ’ అంటూ నడిచిపోయి, చివరి ఫ్రేము దగ్గర ఆగిపోయారు. ప్రసాదరావు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఇది ఏ పక్షిదండీ?”

“మా వియ్యపురాలిది” అన్నాను.

ఆయన నన్ను వదిలేసి మా ఆవిడ వైపు తిరిగాడు. మాకు పిల్లలు లేరని ఆయనకు తెలుసు. మా ఆవిడ కొంగుతో నుదురు తుడుచుకుంది.

“అవునండీ, టెక్కలి దగ్గర వియ్యమందాం. మా కోడళ్ళు ఇంకా పురుటింట్లోనే ఉన్నారు” అంది.